మాటకూ మాటకూ నడుమ జాగా

ఈ నాలుగు పుటలు రాయవలసి వచ్చిన కారణాన్ని ముందుగా చెప్పడం ధర్మం. ఇటీవల సంగారెడ్డిలో జరిగిన ఒక సంతాపసభకు వెళ్ళాను. పోయినవాడు కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే పని చేసినవాడు. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, ఫ్యాక్టరీల నోటీసులు తయారుచేసి పట్టణమంతటికీ తెలిసినవాడు. వేదిక ఎక్కిన పెద్దలు ఒకరి తరువాత ఒకరు ఆయనను మితభాషి అన్నారు, వినయశీలి అన్నారు, ఎవరేది అడిగినా కాదనని మనిషి అన్నారు. మూడూ అబద్ధాలే. మరణించినవారిని గురించి మంచి చెప్పవలసిందే. కాని ఆ మంచి వారిదై ఉండాలి. పక్కింటివారి మంచిని తెచ్చి అంటించడం, ఒకరి పొలానికి మరొకరి హద్దులు రాసి రిజిస్టరు చేయడం వంటిది. పిల్లల వ్యాసాలు దిద్దుతూ ఉద్యోగకాలమంతా గడిపి విరమించినవాణ్ణి. తప్పు కంటబడితే ఊరకుండడం నాకు చేతకాదు.

ఆయన పేరు రాయడం లేదు. ఆ పేరు గలవారు మా పట్టణంలో చాలామంది ఉన్నారు. వారిలో నిజంగానే నెమ్మదస్తులైన వారూ ఉన్నారు. ఈయన గుణాలు వారికి అంటుకోవడం న్యాయం కాదు. ఊరంతా పిలిచినట్టే నేనూ చిన్నసేటు అంటాను.

చిన్నసేటు ఉన్నాడంటే పెద్దసేటు ఉన్నాడని వేరే చెప్పనక్కరలేదు. వారిది తాతలనాటి నుండి పప్పుధాన్యాల వ్యాపారం చేసిన ఇల్లు. పెద్దసేటు తెల్లధోవతి, తెల్లటోపీతో గంజిలో, అంటే ధాన్యపు బజారులో, గద్దె మీద కూర్చుని కందులూ పెసలూ కొనేవాడు. తమ్ముడు మాత్రం దుకాణానికి ఆనుకుని ఉన్న గదిలో ఒక కంప్యూటరు పెట్టుకుని, గింజలు వదిలి అక్షరాల వెంట పడ్డాడు. "మా ఇంట్ల అందరు తూకం వేసి అమ్ముతరు సార్. వీడొక్కడు గాలికి అమ్ముతడు" అని అన్న నాతో అనేవాడు. తమ్ముడు లోపలినుండే, "గాలి గాదన్నా, జాగ. జాగ అమ్ముతున్న. నీ గంజిల దొర్కదది" అని బదులిచ్చేవాడు.

ఆ జాగా సంగతే చెప్పాలి. పదవీ విరమణ తరువాత సాయంకాలాలు నేను ఆ గదిలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అప్పుడు నాకు తెలిసివచ్చిందేమంటే, చిన్నసేటు దగ్గర అక్షరరూపాలు డజన్లకొద్దీ ఉన్నా ఆయన వాడేది ఒక్కటే. దానికి ఆయన చేసుకున్న అమరికా ఒక్కటే. అక్షరాన్ని కొంచెం వెడల్పు చేసేవాడు. పంక్తికీ పంక్తికీ నడుమ ఇతరులు వదిలేదానికంటె ఎక్కువ వదిలేవాడు. మాటకూ మాటకూ నడుమనైతే మరీ ఉదారంగా వదిలేవాడు. "రెండు మాటల నడుమ మనిషి కూసునే జాగ ఉండాలె సార్. పొద్దుగాల పటాన్‌చెరు బస్సుల జనం లెక్క ఇరికిస్తే అక్షరానికి ఊపిరాడది" అనేవాడు. ఈ అమరికకు ఆయన పెట్టుకున్న పేరు 'నా సెట్టింగు'. ఇతరులు తమ పొలాన్ని గురించో పశువును గురించో చెప్పేటప్పుడు వాడే గొంతు అది.

పెళ్ళిపత్రికకైనా, పురుగుమందు కరపత్రానికైనా, బడి వార్షికోత్సవపు ఆహ్వానానికైనా అదే సెట్టింగు. ఒకనాడు హత్నూర వైపునుండి ఒక రైతు తన కొడుకు పెళ్ళిపత్రిక వేయించడానికి వచ్చాడు. హైదరాబాదులో అచ్చయిన ఒక పత్రికను నమూనాగా వెంట తెచ్చాడు. అందులో ప్రతి అక్షరానికీ తీగలూ మొగ్గలూ ఉన్నాయి.

"గీ లెక్క పూలు పూలుగ ఉండాలె సేటూ."

"పూలు మండపానికి వెట్టుకో పటేలా. అక్షరానికెందుకు?"

"ఏ, పైసలు నేనిస్తున్న గద!"

"ఇస్తున్నవు, కాదంటలేను. ఇస్మాయిల్‌ఖాన్‌పేటల నీ మేనమామ ఉన్నడు గద. ఆయన కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయి బస్సెక్కిండనుకో. ముహూర్తం ఎన్నిటికని ఎవల్ని అడుగుతడు? నిన్నా, నన్నా? నీ పూలనా?"

"నా మేనమామకు అసలు చదువే రాదు!"

"మరింక పూలెవలికి?"

రైతు అలిగి, పట్నంలోనే వేయించుకుంటానని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి తిరిగి వచ్చాడు. చిన్నసేటు మాటలు పడడం పట్నం తిరగడం కంటె సులువని ఆయన భార్య చెప్పిందట. ఇదీ 'ఎవరేది అడిగినా కాదనని' మనిషి తీరు.

మనుషులను కూడా ఆయన ఆ కొలతలతోనే కొలిచేవాడు. ఊపిరి తీయకుండా మాట్లాడే ఒక నాయకుడు వచ్చి వెళితే, "పాపం, లైన్ గ్యాపు లేదు" అని జాలిపడేవాడు. లావుగా, పొట్టిగా ఉండే బ్యాంకు ఉద్యోగి "మంచోడే, గని వెడల్పు జెర ఎక్కువ వెట్టిండ్రు". నన్నూ వదలలేదు. "మీకు మాటకూ మాటకూ నడుమ జాగ మస్తున్నది సార్. మీరు ఒక్క వాక్యం చెప్పేలోపట నేను చాయ్ తాగి వస్త." మరి మీ నోటికి విరామమనేదే లేదు, దానికేం సెట్టింగు అని నేనడిగితే, "అక్షరానికి ఒక న్యాయం, నోటికి ఒక న్యాయం సార్" అన్నాడు. మితభాషి!

కూర్చిన ప్రతి కాగితానికీ ఆయన ఒక పరీక్ష పెట్టేవాడు. నమూనా ప్రతిని తీసుకువెళ్ళి ఎదుటి చాయ్ హోటలు గోడకు అంటించి, గది గడపలో నిలబడి చూసేవాడు. సైకిలు మీద పోయేవాడు కాలు కింద పెట్టకుండా దానిని చదువుకుంటూ దాటిపోతే ఉత్తీర్ణత. కాలు కింద పెడితే అక్షరాలకు మళ్ళీ కొలతలు. మా ప్రాంతంలో అప్పుడప్పుడే పొలం వదిలి ఫ్యాక్టరీలో చేరుతున్నవారికి నిలబడి చదివే తీరిక లేదనీ, పోతూ పోతూ చదివినంతే చదువనీ ఆయన సిద్ధాంతం. హోటలు యజమాని సిద్ధాంతం వేరు. "నీ అక్షరాలు సూసుకుంట ఒకడు సైకిల్ తోని నా పాలగిన్నెల వడ్డడు సేటూ! గా గోడ ఇడిచిపెట్టు!" అని ఆయన కేక వేస్తే, చిన్నసేటు ఎంతో సంతోషంగా, "కాలైతే కింద వెట్టలే గద?" అని విచారించాడు.

దసరా నాడు ఆయన ఆయుధపూజ చేసే తీరు కూడా చెప్పదగినదే. కంప్యూటరు తెర నడుమ అద్దం మీద నిండుగా ఒక కుంకుమబొట్టు పెట్టేవాడు. దానిని తుడవడం అపచారం. దీపావళి దాకా ఆ గదిలో కూర్చిన ప్రతి పుటకూ నడిమధ్యన సూర్యోదయమవుతూ ఉండేది. ఆ బొట్టు వెనుక ఏ మాట దాగిందో తెలియక నేను అవస్థపడితే, "మెడ జెర వంచుండ్రి సార్, దేవునికి వంచినట్టయితది, ప్రూఫు సూసినట్టయితది" అనేవాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆయన సెట్టింగు ఉన్నది పుటలు కూర్చే ప్రోగ్రాంలో. దానిని ఆయన 'పేజీలది' అనేవాడు. బొమ్మలు గీయడానికి మరొక ప్రోగ్రాం ఉండేది. అది 'బొమ్మలది'. ఈ రెండింటికీ పొత్తు లేదు. పేజీలదానిలో కూర్చిన తెలుగును బొమ్మలదానిలోకి తీసుకువెళితే కొన్నిసార్లు అక్షరాలన్నీ ఇంగ్లీషు ముక్కలై చెల్లాచెదరయ్యేవి. మళ్ళీ కూర్చుకోవలసి వచ్చేది. మళ్ళీ కూర్చినా, ఇక్కడి అంకెలే అక్కడ ఇచ్చినా, అక్షరం అదే పోలికలో వచ్చేది కాదు. ఒకచోట నిండుగా ఉన్నది మరొకచోట బక్కచిక్కేది. "తోడికోడండ్లు సార్ ఇవి. ఇల్లొకటే, పొయ్యిలు రెండు. దీని కుండల పాలు దాని కుండల పోస్తే ఇరిగిపోతయి" అని చిన్నసేటు వాపోయేవాడు.

అక్షరం కొలత పద్నాలుగంటే ఎక్కడైనా పద్నాలుగే కదా అని నేను లెక్కల మాస్టారి పక్షాన వాదించాను.

"మీ ఊరి శేరు, మా ఊరి శేరు ఒక్కటేనా సార్?" అన్నాడు. వ్యాపారుల ఇంటి బిడ్డ. పాతకాలపు కొలమానాలు ఊరికొక తీరుగా ఉండేవన్న సంగతి నాకంటె ఆయనకే ఎక్కువ అనుభవం. నేను ఆ వాదాన్ని అక్కడితో విరమించాను.

ఆ రెండు ప్రోగ్రాంల తగవు ఒక సంవత్సరం ఆయన గదికే ఎసరు పెట్టింది. కాజీపల్లిలోని ఒక మందుల ఫ్యాక్టరీ తన నోటీసులన్నీ ఆయనచేతనే చేయించేది. ఆ ఏడు కాగితపు నోటీసులు వద్దనీ, ప్రతి తలుపు పక్కనా రేకు మీద పెద్ద అక్షరాల బోర్డులు కావాలనీ అన్నది. ఇవి నచ్చితే ఏటేటా బోర్డుల పనంతా ఆయనకే ఇస్తామన్నది. మాట పెద్దసేటు చెవిన పడింది. కందుల కాలం దగ్గరికి వస్తున్నది. బస్తాలకు చోటు చాలడం లేదు. ఆయన కన్ను చాలాకాలంగా తమ్ముడి గది మీద ఉన్నది. గడపలో నిలబడి, నా ఎదుటే తీర్పు చెప్పాడు.

"ఇను తమ్మీ. కంపెనీ పని నిలవడితే అర్ర నీది. లేదా, కందులది. సార్ సాక్ష్యం."

"కందులు చదువుకుంటయా అన్నా, అర్రల కూసోని?"

"నువ్వు చదివి ఏం ఉద్ధరించినవ్ గని, బోర్డులు సూడు."

చిన్నసేటు నవ్వాడు గాని, ఆ నవ్వుకు వెడల్పు తగ్గింది. ఆ గది పోతే ఆయన గద్దె మీద అన్న పక్కన కూర్చుని ధాన్యం చీటీలు రాయాలి. దానికి ఆయన నలభయ్యో పడిలో సిద్ధంగా లేడు.

చిక్కు ఎక్కడంటే, రేకు మీద అక్షరాలు అంటించేది పటాన్‌చెరులోని రేడియం పనివాడు. రంగు స్టిక్కరును యంత్రంతో కత్తిరించి బండ్ల మీద పేర్లు అంటించే పనిని మావైపు రేడియం పని అంటారు. అతని యంత్రం బొమ్మలదాని భాష తప్ప మరొకటి ఎరగదు. కనుక సెట్టింగును పేజీలదాని నుండి బొమ్మలదానిలోకి మార్చక తప్పదు. సుమారుగా సరిపెట్టితే సరిపోతుందని నేను సలహా ఇచ్చాను. "సుమారుగ పెండ్లాన్ని గుర్తువడ్తరా సార్?" అని ఆయన నన్ను కసిరాడు.

చివరికి ఒక ఉపాయం పన్నాడు. అచ్చుపనిలో పుటలను ముందుగా ట్రేసింగు కాగితం మీద తీసే అలవాటు ఉంది. వెనుక ఉన్నది కనిపించే పలుచని కాగితం అది. పేజీలదానిలో తన సెట్టింగుతో బోర్డు మాటలు కూర్చి, ఆ కాగితం మీద తీశాడు. బొమ్మల ప్రోగ్రాం కోసం అరువు తెచ్చిన రెండవ కంప్యూటరుకు ప్రింటరుతో మాటలు లేవు. కాబట్టి కాగితాన్ని దాని తెర మీదనే గమ్‌టేపుతో అంటించాడు. ఇక ఒక కన్ను మూసుకుని, వెనుకనున్న వెలుగు అక్షరం ముందున్న నల్ల అక్షరంలో ఒదిగేదాకా వెడల్పు పెంచుతూ, జాగా పెంచుతూ కూర్చున్నాడు. కాగితం మూల జారకుండా పట్టుకోవడం నా విధి. శబ్దాలంకారాలూ అర్థాలంకారాలూ బోధించిన చేతులవి. ఆ వైభవాన్ని గురించి ఇక్కడ ఇంతకంటె చెప్పను.

ఆనాటి తెరలు బల్లపరుపుగా ఉండేవి కావు. కుండ బోర్లించినట్టు ముందుకు ఉబ్బి ఉండేవి. అద్దం ఉబ్బెత్తుగా ఉంది, అంచుల వద్ద కాగితానికీ అక్షరానికీ దూరం ఉంది అని నేను గుర్తుచేశాను. "బొజ్జున్నా బుద్ధిమంతుడే సార్, నడువనియ్యుండ్రి" అన్నాడు. వెనుకబడి ఉన్న అక్షరం చిన్నగా కనబడుతున్నది కనుక దానిని పెంచాడు, మళ్ళీ పెంచాడు. పొద్దు వాలేసరికి ఒదిగిందన్నాడు. ఫైలు పటాన్‌చెరుకు వెళ్ళింది.

బోర్డులు తీసుకుని ఫ్యాక్టరీకి చేర్చవలసిన రోజున ముగ్గురం బయలుదేరాం. అక్షరాలకు పూచీగా నేను. పటాన్‌చెరులో పని ఉందన్న మిషతో పెద్దసేటు. గది ఎవరికి దక్కుతుందో స్వయంగా చూడాలన్నదే ఆయన పని అని నాకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. రేడియం పనివాడు బోర్డులను పాత వార్తాపత్రికలలో చుట్టి, తాళ్ళు కట్టి సిద్ధంగా ఉంచాడు. ట్రాలీ ఆటోలో వేసుకుని కాజీపల్లి గేటు ముందు దిగాం. అక్కడ తాడు విప్పి, కాగితం తొలగించి, చిన్నసేటు ఒక్కసారిగా నేల మీద కూర్చుండిపోయాడు.

ప్రతి బోర్డు మీదా రెండు పంక్తులు ఉండాలి. 'మాస్కు, చేతితొడుగులు లేకుండా ఎవరైనా సరే' అన్నది పైది. 'లోపలికి రాకూడదు' అన్నది కిందిది. తెర ముందు ఎక్కువగా పెంచిన ఫలితంగా పై పంక్తి రేకు అంచు దాటిపోయింది. రేడియం పనివాడు మంచివాడు. అడిగే శ్రమ దేనికని, ఆ పంక్తిని పక్కలనుండి నొక్కి రేకులో ఇమిడ్చాడు. కింది పంక్తి పొట్టిది కావడంచేత దాని జోలికి పోలేదు. దానితో కింది పంక్తి పండుగనాటి అల్లుడిలా కాళ్ళు చాపుకుని కూర్చున్నది. పైది మాత్రం నిలువుగీతల కంచెలా తయారైంది. మాటల నడుమ జాగా మచ్చుకైనా లేదు.

రక్షణ వ్యవహారాలు చూసే ఆఫీసరు బయటికి వచ్చాడు. గోదావరి వైపు మనిషి, మర్యాదస్థుడు. బోర్డును చూసి, "బాగానే ఉందండీ. చదవొచ్చు కదండీ?" అన్నాడు.

"చదువొచ్చు సార్. నడుసుకుంట చదువరాదు" అన్నాడు చిన్నసేటు, నేల మీదనుండే.

"తలుపు దగ్గర ఆగి చదువుతారు లెండి."

"మీ కంపెనీల షిఫ్టుకు లేటయినోడు ఆగుతడా సార్? నేను పరీక్ష పెడ్త, సూడుండ్రి."

షిఫ్టు మారే వేళ. లోపలికి పోవలసినవారు సైకిళ్ళ మీద వస్తున్నారు. బోర్డును గేటు పక్కన ఎవరైనా పట్టుకోవాలి. "నేను వట్టుకుంటే నా మొకం సూసి చదివిండ్రంటరు. సార్ వట్టుకుంటే బడి యాదికొచ్చి ఎన్కకు తిరుగుతరు. అన్నా, నువ్వు వట్టుకో" అన్నాడు చిన్నసేటు. పెద్దసేటు ఏ కళనున్నాడో గాని, ధోవతి అంచు సర్దుకుని, బోర్డును గుండెలకు ఆనించుకుని గేటు పక్కన నిలబడ్డాడు.

ఆ తరువాత జరిగింది ఆ పారిశ్రామిక ప్రాంతంలో తప్ప మరెక్కడా జరగదు. మొదటి సైకిలు వచ్చింది. కాలు కింద పెట్టింది. రెండవదీ పెట్టింది. మూడవదానితో బాటు నడిచివచ్చేవారూ ఆగిపోయారు. దూరానికి వారికి కనబడుతున్నది ఒక్కటే పంక్తి: 'లోపలికి రాకూడదు'. దానిని పట్టుకున్నది తెల్లటోపీ పెట్టిన ఒక పెద్దమనిషి.

"ఏందే, గేటు బందువెట్టిండ్రా?"

"నిన్న జీతాల లొల్లి అయింది గద, గందుకే."

"క్యా హువా సేఠ్‌జీ, హర్తాల్ హై క్యా?" అని ఉత్తరాది కార్మికుడొకడు పెద్దసేటునే అడిగాడు.

"నాకేం ఎర్క? నాది కందుల యాపారం!" అని పెద్దసేటు అరిచాడు. దానివల్ల గందరగోళం తగ్గలేదు.

"లీడర్ల లెక్కనే ఉన్నడు. యూనియన్ పెద్దాయనేమో."

"లోపలికి రావద్దన్నంక జీతం ఎవడిస్తడు? ఓ పెద్దాయనా, మా సంగతేంది?"

కాపలావాడు గేటు మూసి, ఈల వేశాడు. ఈల విని మరికొందరు వచ్చారు. ఆఫీసరు చేతులు రెండూ ఎత్తి, "బంద్ కాదండీ, బోర్డు అండీ, పైన చదవండీ, పైన!" అని వేడుకున్నాడు. అందరూ పైన చదవడానికి ముందుకు వంగారు. ఎవరికీ చప్పున అందలేదు. "ఏం రాసిండ్రు పెద్దాయనా, నువ్వే చదువు" అన్నారు. పెద్దసేటు బోర్డును తనవైపు తిప్పుకుని, కళ్ళు చికిలించి, చేయి చాచి దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చి చూశాడు. బస్తాలో చేయి పెట్టి గింజ నాణ్యం చెప్పగల మనిషి ఆ ఒక్క పంక్తి దగ్గర చెమటలు పట్టి ఆగిపోయాడు. చివరికి నేను నా తరగతిగది గొంతుతో దానిని చదివి వినిపించవలసి వచ్చింది. నవ్వులు లేచాయి. గేటు తెరుచుకుంది. సైకిళ్ళు కదిలాయి.

ఆఫీసరు నుదురు తుడుచుకుని, ఇక ఈ రోజుకు చాలు అన్నట్టు, "సరేనండీ. ఉన్నవాటినే బిగించేయండి. పని మీకే ఇస్తాం. వెళ్ళిరండి" అన్నాడు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ మాటతో గది చిన్నసేటుకు దక్కింది. బోర్డులు బిగిస్తే చాలు. చిన్నసేటు నోరు తెరిచాడు. అవునంటాడో కాదంటాడో నేటికీ నాకు తెలియదు. అంతలో పెద్దసేటు బోర్డును తెచ్చి ట్రాలీలో పెట్టాడు.

"బిగియ్యొద్దు సార్. వాపస్ తీస్కపోతం."

"అదేంటండీ? నేను ఒప్పుకున్నానుగా!"

"మీరు ఒప్పుకున్నరు. నేను ఒప్పుకుంటలేను. తక్కువ తూకం మాల్ మా ఇంట్ల నుంచి బయటికి పోలే ఇప్పటిదాంక. గింజలైతేంది, గివైతేంది. నాలుగు దినాలు టైమ్ ఇయ్యుండ్రి."

ఆలస్యమైతే పని హైదరాబాదువారికి పోతుందని ఆఫీసరు హెచ్చరించాడు. పోతే పోనీయమన్నాడు పెద్దసేటు. ఆఫీసరు నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను. నాలుగు రోజులు ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో పటాన్‌చెరు దాటిన తరువాత చిన్నసేటు మెల్లగా, "మరి కందులు అన్నా?" అన్నాడు.

"కందులకు నోరున్నదా? యాడ వెడితే ఆడుంటయి. నువ్వు పని సూడు."

ఆ సాయంకాలం ట్రేసింగు కాగితం మళ్ళీ తెరకెక్కింది. నేను నా మూలను పట్టుకోబోతే పెద్దసేటు, "జరుగుండ్రి సార్" అని తాను పట్టుకున్నాడు. తమ్ముడు కుర్చీలోనుండి ఒక్కచోటునుండే పంక్తినంతా చూడడం గమనించి, "గట్ల పక్క నుంచి సూస్తే తరాజు ముల్లు ఎవనికైనా తప్పే కనవడ్తది. ఏ అక్షరాన్ని సూస్తే దాని ముంగట్కి తలకాయ తీస్కపో" అని గదమాయించాడు. తమ్ముడు "నాకు తెల్వదా?" అని గొణిగాడు గాని, తలకాయను మాత్రం తీసుకువెళ్ళాడు. ఇద్దరూ చెరొక కన్ను మూసుకుని, ఒకే కాగితం మీదికి వంగి, వెడల్పు గురించి తగాదాపడుతూ ఉండగా నేను ఇంటికి వచ్చేశాను. ఆ తగాదాలో మూడవ మనిషికి పని లేదు.

కొత్త బోర్డులు గడువులోపల గేటు చేరాయి. పని నిలబడింది. గదీ నిలబడింది. ఆ కందుల కాలమంతా పెద్దసేటు తన ఇంటి ముందరి గదిలో బస్తాల నడుమ మంచం వేసుకున్నాడు. చుట్టాలు వస్తే బస్తాల మీదనే కూర్చోబెట్టేవాడు. ఎందుకిలా అని ఎవరైనా అడిగితే, పురుగు పట్టకుండా కనిపెట్టుకుని ఉన్నానన్నాడట. తమ్ముడు కృతజ్ఞతలు చెప్పినట్టు నేనెరగను. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు చిన్నసేటు అదే గదిలో అదే సెట్టింగుతో ఊరందరితో కొట్లాడుతూ బతికాడు. జబ్బుపడి పోయేముందు కూడా వైద్యుడి చీటీని చూసి ఆ దస్తూరీని విమర్శించాడని విన్నాను. నమ్ముతాను.

ఇది అచ్చుకు ఇచ్చే ముందు పెద్దసేటుకు చదివి వినిపించాను. ఇప్పుడాయనకు చూపు బాగా తగ్గింది. గద్దె మీద కొడుకు కూర్చుంటున్నాడు. మొదటినుండి చివరిదాకా విని, తల పంకించి, ఒక్కచోట అభ్యంతరం చెప్పాడు. "ఒక్కటి తప్పు రాసిండ్రు సార్. ఆ నాలుగు దినాలు నేను తమ్ముని కోసం అడుగలే. మాల్ కోసం అడిగిన." నేను కాగితాలు మడుస్తుంటే, "అర్ర ఎట్లైనా వానిదే ఉండె గద మరి" అన్నాడు.

ఆయన అభ్యంతరాన్ని ఆయన మాటలలోనే ఇక్కడ చేర్చాను, పాఠాన్ని మార్చలేదు. ప్రోగ్రాంల గురించి నేను చెప్పినదానిలో పొరపాట్లు తప్పక ఉంటాయి, ఆ విద్య నాది కాదు. ఎవరు ఏ మాట ముందు అన్నారు, గేటు దగ్గర జనం ఎంతమంది, రేడియం పనివాడు అడగకుండానే నొక్కాడా, అడిగితే వినిపించుకోలేదా అన్న విషయాలలో నా జ్ఞాపకం తప్పి ఉండవచ్చు. తెలిసినవారు నిర్మొహమాటంగా సరిదిద్దవలసిందని ప్రార్థన. అయితే పెద్దసేటు ఎవరి కోసం అడిగాడన్న ఒక్క విషయంలో మాత్రం ఎవరి దిద్దుబాటునూ స్వీకరించను. ఆ వేళ నేను ఆయన పక్కనే ఉన్నాను.